గాజుకప్పు కింద నిమ్మచెట్లు

"తలుపు కదలట్లేదత్తయ్యా!" ముహయ్యో మళ్లీ భుజంతో నెట్టింది.

చలికి నిమ్మచెట్లు చావకుండా పెంచే లోతైన గుంట అది. పొయ్యి రాజేద్దామని అత్తాకోడళ్లు లోపలికి దిగారో లేదో, పక్కనున్న ఇంటికప్పు మీది మంచు అంతా జారొచ్చి తలుపుకు అడ్డంగా పడింది.

"ఎవరో ఒకరు వస్తారులేవే," అంది సావొదత్.

"ఎవరొస్తారు? సమర్కందు వెళ్లిన మీ అబ్బాయి రేపుగానీ రాడు. ఇంట్లో పాప ఒక్కతే పడుకునుంది. లేచిందంటే పాక్కుంటూ నిప్పుల దగ్గరికే పోతుంది!"

తలపైన ఉన్నది గాజుకప్పు. దాన్ని పగలగొడితే తెల్లారేసరికి చెట్లు నల్లబడిపోతాయి. మామగారు నాటిన చెట్లవి. కోడల్ని కొమ్మ కూడా తాకనిచ్చేది కాదు సావొదత్. ముహయ్యో అద్దం వైపు ఓసారి చూసి, మళ్లీ తలుపునే నెట్టింది.

సావొదత్ ఒక్క క్షణం చెట్లకేసి చూసింది. పార అందుకుని, అద్దం మీద బలంగా కొట్టింది.

"చూస్తావేం? ఈ పెద్దచెట్టెక్కు."

"కొమ్మ విరుగుతుందేమో..."

"విరగనీ! ఎక్కవే!"

కొమ్మ విరగనే విరిగింది. జారిన కాలి కిందికి అత్తగారి భుజం వచ్చింది. ముహయ్యో పైకి పాకి, ఇంట్లోకి పరిగెత్తింది. పాప అప్పుడే కళ్లు నులుముకుంటోంది.

పాపను వీపున కట్టుకుని తిరిగొచ్చి, పగిలిన చోట పట్టుబొంతలు పరవసాగింది.

"అవి నీ పెళ్లిబొంతలే, పిచ్చిదానా! ముందు తలుపు దగ్గరి మంచు తవ్వి నన్ను బయటికి తియ్యి!"

"మీకు కోటుంది కదత్తయ్యా," అంది ముహయ్యో. "ముందు చెట్లు."