స్టాంపు మీద ముఖం

లోకుల మొరలాలకించే కన్నోన్ తల్లికి ప్రణమిల్లి ఈ కథ చెబుతున్నాను.

కనజావాలో తొకుజీ తలుపు తీసేసరికి, ఎక్కడో ఉత్తరాన దూరంగా సప్పొరోలో ఉండే బాల్యమిత్రుడు ఇవావో చావుకు వేసుకునే నల్లదుస్తులతో, అగరొత్తులతో వాకిట నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్! నువ్వు పోయావనుకున్నానురా!"

"ఎవడు చెప్పాడు?"

ఇవావో జేబులోంచి కొత్త సంవత్సరపు కార్డు తీశాడు. "నువ్వే! 'ఇదే నా ఆఖరి కార్డు' అన్నావు. స్టాంపు చూస్తే నీ ఫోటో! అందరం చావునాడు పటం పెట్టడానికని ముందే తీయించి దాచుకుంటామే, అలాంటిది."

"అదేరా. అందులోనే కాస్త బాగున్నాను. చెయ్యి వణికి ఇక రాయలేక, చివరిసారి నా ముఖం చూస్తావని స్టాంపుగా అచ్చు వేయించాను."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

నవ్వు తగ్గాక తొకుజీ మెల్లగా అడిగాడు. "నలభై ఏళ్లు ప్రతి కార్డులోనూ రమ్మనే రాశాను. ఎందుకు రాలేదురా?"

ఇవావో తల వంచుకున్నాడు. "కార్డు వస్తోందిగా, ఉన్నాడులే అనుకునేవాణ్ణి."

"ఇక కార్డు రాదు. మళ్లీ వస్తావా?"

"పొద్దంతా రైలురా. ఈ మోకాళ్లతో మళ్లీ రాలేను."

తొకుజీ నేస్తాన్ని గడపమీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని, అతని మోకాలు నిమరసాగాడు.

ఇది విన్న వారందరి ఇళ్లకూ, వారు బతికి ఉండగానే ఆప్తులు వత్తురుగాక.