కాళ్ల దగ్గరి వెలుగు

చీకటి పడ్డాక, ఉట్నూర్‌లో రాజలింగు దుకాణం వెనకున్న గడ్డిలో, సంచిలోంచి సన్నని బైండింగ్ తీగ తీసి పరిచాను.

"ఏందక్కా, టార్చ్ కొననొచ్చినవా, నాకు ఉచ్చు పెట్టనొచ్చినవా?" రాజలింగు నవ్వాడు.

ముందు టార్చ్‌లో దూరం కొట్టే వెలుగు వేశాడు. ఎదుటి గుట్ట మీది టేకు చెట్లు పట్టపగల్లా కనిపించాయి. గడ్డిలో తీగ మాత్రం కనిపించలేదు.

"గిది కాదు తమ్మీ. వెడల్పుది వెయ్."

మీట మార్చాడు. వెలుగు కాళ్ల ముందు పరుచుకుంది. తీగ సన్నగా మెరిసింది. నేను కొంచెం వెనక్కి జరిగి, పక్కకు జరిగి చూశాను. అప్పుడూ మెరిసింది.

"గిదే ఇయ్యి. రేపటి సంది మా కొడుకు సన్నీ మక్కచేను కావలికి పోతడు."

"దానికి గింత పరేషానా? పోయినేడు అన్న దూరం కొట్టేది కొన్నడు గదా. ఖరాబైందా?"

"కాలే. పందుల కోసం పక్క చేన్ల పెట్టిన కరెంటు తీగ తగిలి మా ఇంటాయన పానం పోయినంక గూడ, గా టార్చ్ ఆయన చేతుల వెలుగుతనే ఉండె. గుట్ట మీది చెట్లన్ని మంచిగ కనవడ్డయ్."

గడ్డిలోని తీగ దాటబోతున్న రాజలింగు, ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు.