గేటుకు కట్టిన బ్యానర్

కాలేజీ గేటుకు అభినందనల బ్యానర్ కడుతున్న అటెండర్ ప్యో నిచ్చెన మీది నుంచే కేకేశాడు. "ప్రొఫెసర్ గారూ, పార్టీ ఎప్పుడు? ఉత్త సోజు సారా పోస్తే ఒప్పుకోం, గొడ్డుమాంసం కాల్పించాలి!"

మిన్ ఓక్‌సున్ తలెత్తి చదివింది. 'మన ప్రొఫెసర్ మిన్ ఓక్‌సున్‌కు జాతీయ మట్టిపాత్రల కళా బహుమతి.'

"మా సిరామిక్స్ శాఖ అని లేదే. మర్చిపోయారా?" అంది. పోయినసారి నర్సింగ్ మేడమ్‌కు కట్టినప్పుడు శాఖ పేరే పెద్దక్షరాల్లో వేశారు.

పక్కనే నిలబడ్డ డీన్ బాంగ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. "మర్చిపోలేదు, మిన్ గారూ. నేనే తీయించాను. బ్యానర్ వసంతందాకా ఉండాలి కదా."

"అప్పటికి శాఖ ఉండదా?"

"ఈ ఏడు చేరింది ముగ్గురే. మూసేయాలని బోర్డు నిన్న తేల్చేసింది. బహుమతి వచ్చిన పూట చెప్పడమెందుకని ఆగాను."

"బట్టీలో పిల్లల కుండలున్నాయి."

"అవి కాల్చుకోండి. తర్వాత గ్యాస్ కనెక్షన్ తీసేస్తారు."

ఆమె తలూపింది.

"సరిగ్గా ఉందా, ప్రొఫెసర్ గారూ?" పైనుంచి ప్యో అడిగాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"ఎడమవైపు జారింది," అంది. కిందికి వేలాడుతున్న తాడు అందుకుని, అతను ముడి వేసేదాకా బిగించి పట్టుకుంది.