బుధవారం చెప్పిన మాట

ఎనిమిదేళ్ళు నిండిన కారు తుక్కు కావడానికి తనంతట తానే కంపెనీ యార్డుకు వెళ్ళిపోయే రోజులవి. యజమాని సరేనంటే చాలు. అనకాపల్లిలో వరహాలమ్మ మాత్రం ఆ మాట అనడం లేదు.

"అమ్మగారూ, బయల్దేరమంటారా?" అని శుక్రవారం పొద్దున్నే కారు అడిగింది.

"శుక్రవారం ఇంట్లోది బయటికి పంపరు," అంది ఆమె, దాని ముందు భాగాన పసుపుబొట్టు దిద్దుతూ.

శనివారం ఇనుము ఇవ్వరంది. ఆదివారం అమావాస్య, సోమవారం పాడ్యమి, మంగళవారం అసలే పనికిరాదు. కారు ప్రతిసారీ "అలాగేనమ్మా" అని మర్నాటికి వాయిదా వేసుకుంది.

"రేపు బుధవారం. ఏటి చెప్తావే?" అని నవ్వాడు భర్త పైడిరాజు. పక్షవాతం వచ్చాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అతను ఎక్కగలిగేది ఆ పొట్టి కారొక్కటే. కొత్తవన్నీ ఎత్తు.

బుధవారం కారు మళ్ళీ అడిగింది. ఉంచుకుంటే బయట ఎక్కడా ఛార్జింగు పెట్టరని, మరమ్మతు చెయ్యరని కూడా చెప్పింది. వరహాలమ్మ దేవుడి గదివైపు చూసింది. 'నేను అనాల్సిన మాటకి ఇన్నాళ్ళూ నిన్ను అడ్డం పెట్టుకున్నాను కదా స్వామీ' అనుకుంది.

"ఈ రోజుకి అడ్డేటీ లేదు. పంపడం నాకే ఇష్టం లేదు," అంది. "ఆసుపత్రికి పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లు. మా డాబా మీద సోలారు కరెంటు చాలు నీకు. నువ్వు కదల్లేని రోజున నేనే చెప్తాను. అంతవరకూ మరి అడక్కు."

"అలాగేనమ్మా," అంది కారు.

"కంపెనీకి ఏమని రాయమంటారమ్మా?"

"ఉంచుకున్నారని రాయి. తలుపు తియ్యి, ఆయన ఎక్కాలి."