పేరు చూస్తే పని తెలియాలి

ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని మా ఆఫీసులో, నా పక్క సీటు కేటిల్‌కి పేర్ల పిచ్చి. మధ్యాహ్నానికి, వేరే ప్రోగ్రామర్లు వాడుకునే మా కోడ్ లైబ్రరీ విడుదల కావాలి. నేను రాసిన ఒక్క ఫంక్షన్ పేరు దగ్గర బండి ఆగిపోయింది.

"‘ప్రాసెస్’ ఏంటి స్టైన్వర్ తల్లీ? వండుతుందా, ఉతుకుతుందా?"

"పాత ఫైళ్లు చెరిపేస్తుంది."

"మరి ‘డిలీట్ ఓల్డ్ ఫైల్స్’ అని ఏడవొచ్చుగా! పేరు చూడగానే అదేం చేస్తుందో తెలియాలి. తెలియక వాడినవాడి ఫైళ్లు గల్లంతైతే మననే తిడతాడు."

"పోనీ, ఇప్పటికి ఏదో ఒకటి పెట్టేద్దాం. తర్వాత మార్చుకోవచ్చు."

"నలుగురూ పిలవడం మొదలెట్టాక మారుస్తావా? ఇక జన్మంతా అదే!"

చివరికి అతను చెప్పిన పేరే పెట్టాం. కేటిల్ గెలిచినవాడిలా కాఫీ అందుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. అటునుంచి వాళ్లావిడ కేకలు నా కుర్చీదాకా వినిపించాయి.

"పుట్టిన ఆరు నెలల్లో పేరు పెట్టాలన్న గడువు అయిపోవస్తోంది! ప్రభుత్వ రిజిస్టర్లో పాప ఇంకా ‘అమ్మాయి’గానే ఉంది. నేను చెప్పిన ప్రతి పేరుకీ వంక పెట్టావు. ఇవాళైనా ఒకటి చెబుతావా, చెప్పవా?"

కేటిల్ గొంతు తగ్గించి నసిగాడు.

"ఎలా చెప్పనే? పెద్దయ్యాక అదేం చేస్తుందో ఇంకా తెలియదుగా!"