చిన్నోణ్ని తిన్నోడు

సొలొమోను కొడవలికి సాన పడుతున్నాడు. గడ్డి కోయడానికి కాదు.

గురువారం నుంచి చిన్నోడు కనబడటం లేదు. చిన్నోడంటే మేకపోతు. తల్లి చచ్చిపోతే సొలొమోను భార్య గ్లోరీ పాలసీసాతో సాకింది. పిల్లల్లేని ఆ ఇంట్లో వాడే పిల్లవాడు. పోయిన వానాకాలం జ్వరమొచ్చి గ్లోరీ పోయింది. అప్పటినుంచి సొలొమోనుకు మాట్లాడుకోవడానికి వాడొక్కడే మిగిలాడు. పొద్దున చాయ్ తాగి ఆఖరి గుక్క మూతలో పోస్తే, నాకేసి, ఇంకా కావాలని మోకాలికి తల కొట్టేవాడు.

అలాంటివాణ్ని పట్టపగలు ఇంటి ముందు నుంచి తాడు కోసి ఎత్తుకుపోయారు. నారాయణఖేడ్ నడిబొడ్డున! వాళ్ల చేతులు పడిపోను!

పాస్టర్ వచ్చి, "క్షమించు సొలొమోనూ, మేకే కదా" అన్నాడు.

"మీ ఇంట్లకెళ్లి ఎవర్నన్న ఎత్కపోతే గప్పుడు చెప్పుండ్రి" అని సొలొమోను పాస్టర్ మొహం మీదే తలుపేశాడు.

గ్లోరీ సమాధి దగ్గరికి పోయి, రాయి మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాడు.

"ఎత్కపోయినోని చెయ్యి నరుకుత. కోస్కతిన్నోని నాలుక కోస్త. జైలుకు పోతే పోత. నువ్వు అడ్డం రాకు గ్లోరీ."

ఆదివారం మధ్యాహ్నం బోరంచ నుంచి చంద్రప్ప బండి మీద వచ్చాడు. ఇద్దరూ హైదరాబాద్‌లో తాపీపని కలిసి చేసిన దోస్తులు. చంద్రప్ప మనవడికి నల్లపోచమ్మ దగ్గర పుట్టువెంట్రుకలు తీశారు. ఇంట్లో దావత్.

"నాకు ముద్ద దిగదు. రాను" అన్నాడు సొలొమోను.

"పస్తులుండి ఎవన్ని నరుకుతవ్ రా? తినాలె, బలం రావాలె. ఎక్కు బండి!"

దారిలో చంద్రప్ప అడిగాడు. "నీ మేకను నేనెన్నడు సూడనన్న సూడలే. ఎట్లుంటది?"

చెప్పబోయి సొలొమోను కండువాలో మొహం దాచుకున్నాడు. చంద్రప్ప మళ్లీ అడగలేదు.

ఇంటికి తీసుకుపోయి, పక్కన కూర్చోబెట్టుకుని, వద్దన్నా కొసరి కొసరి కూర వేయించాడు. గురువారం నుంచి ఎండిన కడుపు నిండింది. ఒంట్లోకి సత్తువ వచ్చింది. సత్తువతో పాటు కోపమూ లేచింది.

తెల్లారి తోళ్లు కొనే మత్తయి దుకాణంలో కుప్పంతా తిరగేశాడు. అడుగున నల్లతోలు. వీపు మీద అరచేతంత మేర వెంట్రుక లేదు. ఒకప్పుడు చిన్నోడు పొయ్యి మీది చాయ్ గిన్నెను మీద పడేసుకున్నప్పుడు కాలిన మచ్చ అది. ఆ రోజు గ్లోరీ వెన్న రాస్తూ వాడికంటే ఎక్కువ ఏడ్చింది.

సొలొమోను ఆ మచ్చ మీద మొహం పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవడు తెచ్చిండు?"

"బోరంచ దిక్కు యాటలు కోసే జగన్నాథ్" అన్నాడు మత్తయి భయం భయంగా.

జగన్నాథ్ ఇంటి ముందు కత్తులు కడుక్కుంటున్నాడు. సొలొమోను నేరుగా పోయి అతని కాలర్ పట్టుకున్నాడు. కొడవలి మెడకు ఆనించి, తోలు ముందు పడేశాడు.

"నేను దొంగను కాదన్నా! సంతల ఎవడో అమ్మితే కొన్నరట. కొయ్యమంటే కోసిన. కూలికి తోలు ఇచ్చిండ్రు."

"దొంగ సంగతి తర్వాత జూస్త. తిన్నోడెవడు? గది చెప్పు ముందు!"

కొడవలి ఇంకొంచెం బిగిసింది.

"అమ్మోరికి కోసిన యాట ముట్టని కిరస్తానం దోస్తు ఒక్కడున్నడని, దావత్‌ల గాయన పస్తులుండొద్దని, చంద్రప్ప గాయన కోసమే వేరే కోయించిండన్నా గీ మేకను!"