మూడో ఏడూ రాని పిలుపు

“ఈసారి కూడా మన స్కూలు పేరు లేదు. ఎందుకు లేదో చెప్పండి.”

భానుమతి జాబితా తెచ్చి హెడ్మాస్టరు బల్ల మీద పడేసింది. పిచ్చేశ్వరరావు దానివైపు చూడలేదు. జవాబు పత్రాల కట్టల మీద సంతకాలు పెడుతూనే ఉన్నాడు.

“మిమ్మల్నే అడుగుతున్నాను, సార్.”

“అరవకండి. పక్కగదిలో పిల్లలు పరీక్ష రాస్తున్నారు.”

గుడివాడలో ఒక కాలేజీవాళ్ళు ఏటా వేసవిలో మూడు వారాల సైన్సు శిబిరం పెడతారు. స్కూలుకి ఒక టీచరు, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు. అక్కడ మైక్రోస్కోపులు ఉంటాయి, టెలిస్కోపు ఉంటుంది, ప్రయోగాలు ఎవరికి వాళ్ళే చేసుకోవచ్చు. దివిసీమలోని ఈ హైస్కూల్లో ప్రయోగశాల అంటే చెదపట్టిన ఒక బీరువా. తొంభై ఆరు నుంచి ఇది మూడో ఏడు, భానుమతి దరఖాస్తు పెట్టడం. అది హెడ్మాస్టరు చేతుల మీదుగానే పోవాలి.

“మీరు పంపలేదు. అంతేగా?”

పిచ్చేశ్వరరావు పెన్ను పక్కన పెట్టాడు. “నేను చెయ్యాల్సింది నేను చేశాను. చెడగొట్టిందెవరో మీకు తెలీదా?”

“తెలుసు. నా ఎదురుగానే కూర్చున్నారు.”

“ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందండీ మీకు? మూడేళ్ళుగా చూస్తున్నాను మీ నాటకాలు. బయటికి నడవండి.”

వరండాలో రావమ్మ కాచుకుని ఉంది. చేపల గంప కింద దించి, కొంగు నడుముకి బిగించింది. ఆమె కూతురు నాగమల్లేశ్వరి తొమ్మిదో తరగతి. భానుమతి చెప్పిందని మూడు నెలలపాటు రోజూ కాలవ మొగదల దగ్గర గీతలు గీసిన వెదురు పాతి, పోటుకి నీళ్ళెంత లేచాయో, ఆ రోజు చంద్రుడెలా ఉన్నాడో పుస్తకంలో రాసుకుంది. శిబిరానికి తీసుకెళ్తానన్నది ఆ పిల్లనే.

“ఏం పంతులమ్మగారూ, నా పిల్లని మూడు నెల్లు కర్రకి కాపలా పెట్టారు. ఇప్పుడేమో లేదంటున్నారంట?”

“వచ్చే ఏడు తప్పకుండా...”

“వచ్చే ఏడు అది పదో తరగతండీ! తొమ్మిదోళ్ళనే గదా రానిచ్చేది? ఆశ పెట్టేముందు ఆలోచించుకోవాల. ఇంకెప్పుడూ మా గుమ్మం తొక్కమాకండి.”

నాగమల్లేశ్వరి తల్లి వెనక నిలబడి ఉంది. పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, టీచరు మొహం చూడకుండా వెళ్ళిపోయింది. రావమ్మ తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల అలా వెళ్ళడం ఒక ఎత్తు. 

సాయంత్రం ఇంటికొచ్చి భర్త ముందు ఏడ్చేసింది. ప్రకాష్ పక్క ఊరి స్కూల్లో లెక్కల మాస్టారు. శిబిరంలో లెక్కల వాళ్ళకీ చోటుండటంతో మొదటి ఏడాది తనూ దరఖాస్తు పెట్టాడు, రాలేదు. మళ్ళీ పెట్టలేదు. నాకు రాకపోతే పోయింది, నీకు రావాలి అనేవాడు.

కాఫీ కలిపి తెచ్చి చేతికిచ్చాడు. “ఆయనకి నువ్వు పైకి రావడం ఇష్టం లేదు, భానూ. కొంతమంది అంతే.”

“నేను వదలనండీ. జూన్‌లో రిటైరవుతాడుగా, విచారణ పడితే పింఛను ఆగుతుంది. ఆగనీ. రేపు గుడివాడ వెళ్ళి, దరఖాస్తు రాలేదని వాళ్ళచేత రాయించుకుంటాను. అట్నుంచి బందరు డీఈఓ ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చేస్తాను.”

“గుడివాడ ఎందుకు, దండగ ప్రయాణం. తిన్నగా బందరే వెళ్దాం. నేనూ వస్తాను.”

“సాక్ష్యం లేకుండా ఎవరు నమ్ముతారండీ?”

మర్నాడు ఆమె మొదటి బస్సెక్కింది. ఫిర్యాదు చేతిసంచీలో ఉంది. దారి పొడుగునా అందులోని మాటలే నెమరేసుకుంది. కక్షసాధింపు. అధికార దుర్వినియోగం. ఇంకా ఘాటుగా రాయాల్సింది అనిపించింది.

కాలేజీలో శిబిరం బాధ్యతలు చూసే సత్యవతమ్మ, భానుమతి తన పేరు చెప్పగానే కుర్చీలో వెనక్కి వాలింది.

“మీరేనా భానుమతి? ఇంక మీ దరఖాస్తు తీసుకోమండీ. సంజాయిషీ చెప్పడానికి వచ్చినా లాభం లేదు.”

“అసలు నా దరఖాస్తు మీకు అందిందా?”

“అందకపోవడమేంటి?” సత్యవతమ్మ ఫైలు తీసి ముందుకు తోసింది. మూడేళ్ళవీ మూడు దరఖాస్తులు. ప్రతిదాని కిందా పిచ్చేశ్వరరావు ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ఇటువంటి ఉపాధ్యాయురాలు మా పాఠశాలకు దొరకడం అదృష్టం. తప్పక అవకాశమివ్వ ప్రార్థన.’

భానుమతి మూడూ తిప్పి చూసింది. సంచీలోని కాగితం గుర్తొచ్చి సంచీ మూతి మూసేసింది.

“మరి... నన్నెందుకు పిలవలేదు?”

“పిలవలేదా? మూడుసార్లూ ఎంపికైనట్టు మీ ఇంటి అడ్రసుకే ఉత్తరం పంపాం. మూడుసార్లూ రాలేనని మీరే జవాబు రాశారు. ప్రతిసారీ ఆ సీటు ఇంకొకరికి ఇచ్చాం, ఆ సంగతి మీ హెడ్మాస్టరుగారికీ తెలియజేశాం. పాపం, ఆయన నొచ్చుకున్నారు. పిల్లల అవకాశం పాడుచేయడానికి మనసెలా వచ్చిందమ్మా మీకు?”

“నేనా? నేను రాయలేదండీ!”

“ఇవిగో, చూసుకోండి.”

సత్యవతమ్మ మూడు ఇన్‌లాండ్ కవర్లు విప్పి బల్ల మీద పరిచింది. అత్తగారికి ఒంట్లో బాగోలేదని ఒకటి, తనకే నలతగా ఉందని రెండోది, శిబిరం మీద ఆసక్తి పోయిందని మూడోది. కింద ‘భానుమతి’ అని సంతకం.

ఆ చేతిరాత ప్రకాష్‌ది.